సామాజిక మాధ్యమాన్ని నిలబెట్టడం ఎలా? ఓరుగల్లు యువతకు ఒక మార్గదర్శిక

వరంగల్, హనుమకొండ, కాజీపేటల చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు చూసేవారికి ఒక సంగతి బాగా తెలుసు. దాదాపు ప్రతి బ్యాచ్‌లోనూ ఒక జట్టు కొత్త సామాజిక మాధ్యమాన్ని తయారుచేసి చూపిస్తుంది. ఖాతా తెరవడం, ఫొటో పెట్టడం, లైక్ కొట్టడం, మెసేజ్ పంపడం అన్నీ అందులో చక్కగా పనిచేస్తాయి. మార్కులు పడతాయి, మిత్రులు డౌన్‌లోడ్ చేసుకుంటారు, నెల తిరిగేసరికి అందులో కొత్త పోస్టు ఒక్కటీ ఉండదు.

ఇందులో విద్యార్థుల తెలివితేటలను తప్పుపట్టాల్సిన పని లేదు. గూగుల్ అంతటి సంస్థ 2011 జూన్‌లో గూగుల్ ప్లస్‌ను తెచ్చినప్పుడు డబ్బుకు గానీ, ఇంజనీర్లకు గానీ, ప్రచారానికి గానీ కొరత లేదు. అయినా 2018లో ఆ సంస్థే బయటపెట్టిన లెక్క ప్రకారం, అందులోకి వచ్చినవారి సందర్శనల్లో నూటికి 90 పూర్తిగా 5 సెకన్లు కూడా నిలవలేదు. 2019 ఏప్రిల్‌లో సాధారణ వాడుకరులకు దాన్ని మూసివేశారు. మరోవైపు 2004 ఫిబ్రవరిలో ఒక విద్యార్థి హాస్టల్ గది నుంచి మొదలైన ఫేస్‌బుక్ మన పల్లెల దాకా వచ్చింది. ఈ రెండింటి మధ్య తేడా సదుపాయాల్లో వెతికితే దొరకదు. మొదట చేరిన కొద్దిమంది ఒకరికొకరు ఎంత త్వరగా పనికొచ్చారన్న దగ్గరే అది ఉంది. మన ప్రాంతం నుంచి ఒక వేదికను మొదలుపెట్టాలనుకునేవారు ఏ వరుసలో ఆలోచించాలో, ఏ దశలో దేనికి జాగ్రత్త పడాలో ఈ దృష్టితోనే వివరిస్తాను. కోడ్ రాయడం గురించి ఇక్కడ ఏమీ చెప్పను. అది నేర్పేవారికి లోటు లేదు.

ముందు జనం, తర్వాత యాప్

ఫేస్‌బుక్ మొదట హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఈమెయిల్ ఉన్నవారికి మాత్రమే పరిమితమైంది. ఆ తర్వాత కొలంబియా, స్టాన్‌ఫర్డ్, యేల్ విశ్వవిద్యాలయాలకు విస్తరించి, ఆపైన ఒక్కో విద్యాసంస్థనూ కలుపుకుంటూ పోయి, 2006 సెప్టెంబరులో గానీ 13 ఏళ్లు నిండిన అందరికీ తలుపులు తెరవలేదు. ప్రచారం కోసం చేసిన ఆర్భాటమని కొందరు అనుకుంటారు కానీ, ఆ పద్ధతిలో గట్టి లెక్క ఉంది. ఒకే క్యాంపస్‌లో ఉండేవారికి అప్పటికే స్నేహాలున్నాయి, ఒకే తరగతులున్నాయి, ఒకరి గురించి మరొకరికి కుతూహలం ఉంది. కాబట్టి ఖాతా తెరిచిన మొదటి రోజే తెలిసిన ముఖాలు కనిపించాయి.

నెట్‌వర్కుల విలువ గురించి ఒక ప్రసిద్ధ సూత్రం ఉంది. 10 మంది ఉంటే వారి మధ్య ఏర్పడగల జంటలు 45, 100 మంది ఉంటే 4,950. అంటే మనుషులు పదింతలైతే సంబంధాలు నూరింతలకు పైగా పెరుగుతాయి. ఇది చదివి చాలామంది డౌన్‌లోడ్‌ల వెంట పడతారు. కానీ 33 జిల్లాల్లో చెల్లాచెదురుగా ఉన్న 1,000 మంది చేరితే కాగితం మీద దాదాపు 5 లక్షల జంటలు కనిపిస్తాయే తప్ప, వారిలో ఒకరితో ఒకరికి పని ఉన్న జంటలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని కూడా ఉండకపోవచ్చు. అదే కాకతీయ విశ్వవిద్యాలయంలో ఒక్క హాస్టల్ వారు వందమంది చేరితే, మెస్‌లో వంట మొదలుకొని పరీక్ష వాయిదా వరకూ రోజుకు పది విషయాలు మాట్లాడుకుంటారు. అందుచేత 'తెలంగాణ ప్రజలందరి కోసం' అని ప్రకటించుకుని మొదలయ్యే వేదిక నా దృష్టిలో మొదటిరోజే సగం ఓడిపోయినట్టు.

మీరు ఎంచుకోవాల్సిన వలయానికి, అంటే మొదట చేర్చుకునే జనానికి, మూడు లక్షణాలుండాలి. అందులోనివారికి ముందునుంచే ముఖపరిచయం గానీ, ఒకే చోట తిరిగే అలవాటు గానీ ఉండాలి. వారానికి ఒక్కసారైనా తప్పనిసరిగా ఎదురయ్యే అవసరం ఉండాలి. ఏడాదికోసారి వచ్చే పని మీద వేదిక నిలబడదు. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతర కోసమే యాప్ చేస్తే, భక్తులు కోటిమంది వచ్చినా మరుసటి వారం దాన్ని తెరిచేవారుండరు. ఇక మూడో లక్షణం అన్నిటికన్నా కఠినమైనది: ఆ అవసరాన్ని వాట్సాప్ గ్రూపు ఇప్పటికే తీరుస్తూ ఉండకూడదు.

ఈ మూడోదాని గురించి కాస్త విపులంగా చెప్పాలి. మన దగ్గర కొత్త వేదికకు అసలైన పోటీ ఫేస్‌బుక్‌తోనో, ఇన్‌స్టాగ్రామ్‌తోనో కాదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చౌకైన తర్వాత ప్రతి వాడకూ, కుల సంఘానికీ, కాలేజీ సెక్షన్‌కూ, అపార్ట్‌మెంటుకూ, జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు పోయినవారి కుటుంబాలకూ ఒక్కో వాట్సాప్ గ్రూపు ఏర్పడింది. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, ఫోన్ నంబరు ఉంటే చాలు. దాన్ని వదిలి మీ దగ్గరికి రమ్మని అడగాలంటే, వాట్సాప్ చేయలేని పని ఏదో ముందు తేల్చుకోవాలి. అలాంటివి ఉన్నాయి. గ్రూపులో వచ్చిన మంచి సమాచారం సాయంత్రానికల్లా శుభోదయం బొమ్మల కింద కూరుకుపోతుంది. నిరుడు ఇదే రోజుల్లో ఏం జరిగిందో వెతికితే సులువుగా దొరకదు. ఒక గ్రూపులో 1,024 మందికి మించి చేరలేరు. ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తుందన్న భయంతో ఆడపిల్లలు చాలా గ్రూపుల్లో చేరనే చేరరు. మీ ఆలోచన ఈ ఖాళీల్లో ఒకదాన్ని పూడ్చేదిగా ఉంటే ముందుకు సాగండి. లేకపోతే ఒక గ్రూపు పెట్టుకుని ఊరుకోవడం మేలు. అందులో చిన్నతనమేమీ లేదు.

ఎనుమాముల మార్కెట్‌ను ఉదాహరణగా తీసుకుంటే

ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరున్న ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు ఎండాకాలం మొదలయ్యే రోజుల్లో నర్సంపేట, పరకాల, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపుల నుంచి మిర్చి బస్తాలు వస్తాయి. పొద్దున జెండా పాట అనే వేలంలో ఆ రోజు గరిష్ఠ ధర పలుకుతుంది. అది మరునాడు పత్రికల్లోనూ, ఆ రోజే వాట్సాప్‌లోనూ తిరుగుతుంది. కానీ జెండా పాట ధర మేలైన సరుకుకు పలికే ధర. రంగు తగ్గిందనీ, తేమ ఉందనీ, తాలు కలిసిందనీ అంటూ ఎక్కువమంది రైతుల సరుకుకు అంతకన్నా తక్కువే కడతారు. ఈ తేడా గురించి రైతులు ప్రతి సీజన్‌లోనూ గొంతెత్తుతూనే ఉన్నారు. ఇంటి దగ్గర బస్తాలు కుట్టుకుని, ట్రాలీ కిరాయి మాట్లాడుకునే ముందు రైతుకు కావాల్సింది గరిష్ఠ ధర కాదు. తన సరుకులాంటి సరుకుకు నిన్న, మొన్న నిజంగా చేతికొచ్చిన ధర కావాలి.

ఇక్కడ ఒక వేదికకు అవకాశం ఉంది. అమ్ముకున్న రైతు తన తక్‌పట్టీని, అంటే అమ్మకం రసీదును, ఫొటో తీసి పెడతాడు. అందులో రకం, బస్తాలు, తూకం, క్వింటాలు ధర, అడ్తి (దళారీ కమీషన్), హమాలీ, దడవాయి (తూకం వేసేవారి) ఖర్చులు ఉంటాయి. దాంతోపాటు గుప్పెడు కాయలను తెల్ల కాగితం మీద పోసి వెలుతురులో తీసిన ఇంకో ఫొటో పెడితే, ఊళ్లో ఉన్న మరో రైతు తన కాయను పక్కన పెట్టుకుని పోల్చుకోగలడు. తేజ, వండర్ హాట్, చపాటా అని రకం వారీగా, కోల్డ్ స్టోరేజీలో దాచిన ఏసీ సరుకో కాదో విడిగా, తేదీల వారీగా వెతికే వీలుంటే అది వాట్సాప్ ఇవ్వలేని ప్రయోజనం అవుతుంది. పైన చెప్పిన మూడు లక్షణాలూ ఈ వలయానికి ఉన్నాయి. ఒకే మార్కెట్, ఒకే సీజన్, సరుకు అయిపోయేదాకా తీరని అవసరం, గ్రూపులో దొరకని జ్ఞాపకం.

ఇబ్బందులూ లేకపోలేదు. తక్‌పట్టీ మీద రైతు పేరు, ఊరు, అడ్తిదారు పేరు ఉంటాయి. బాకీ ఉన్న అడ్తిదారు కంట పడితే రేపు అప్పు పుట్టదేమోనని రైతు జంకుతాడు. కాబట్టి ఫొటో ఎక్కించేటప్పుడే పేర్లున్న భాగం దానంతటదే కప్పుకుపోయే ఏర్పాటు ఉండాలి. 'కావాలంటే దాచుకోండి' అనే మీట పెడితే సరిపోదు, ఎందుకంటే ఆ మీటను ఎవరూ వెతకరు. సీజన్ అయిపోయాక వేదిక చప్పబడుతుందన్నది రెండో చిక్కు. దానికి పత్తి, మక్కల కొనుగోళ్లను జతచేయవచ్చు, లేదా మూణ్నెల్లు నిద్రపోనిచ్చి మళ్లీ లేపవచ్చు. నా మటుకు నాకు రెండో దారే నచ్చుతుంది. ఏడాది పొడవునా సందడి చూపించాలన్న తాపత్రయంతో సినిమా కబుర్లు చేర్చిన రోజున రైతు వెళ్లిపోతాడు.

ఒంటరిగా వచ్చినవాడికి ఏం దొరుకుతుంది?

తోటివారు ఇంకా చేరని తొలి రోజుల్లో వేదికకు వచ్చిన మనిషికి అక్కడ ఒంటరిగానైనా ఉపయోగపడే పని ఒకటి ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్ చరిత్ర ఈ విషయాన్ని బాగా చూపిస్తుంది. దాన్ని కట్టినవారు మొదట బర్బన్ అనే యాప్ చేశారు. ఎక్కడున్నామో తెలపడం, ప్రణాళికలు వేసుకోవడం, ఫొటోలు పెట్టడం అని అందులో చాలా ఉండేవి. వాడేవారు ఫొటోలు తప్ప మిగతావాటిని పట్టించుకోవడం లేదని గమనించి, మిగతావన్నీ కోసేసి 2010 అక్టోబరులో ఇన్‌స్టాగ్రామ్‌గా విడుదల చేశారు. అప్పటి ఫోన్ కెమెరాల ఫొటోలు నాసిగా ఉండేవి. ఫిల్టర్ వేస్తే అందంగా మారేవి. ఆ ఫొటోను ట్విట్టర్‌లోనో, ఫేస్‌బుక్‌లోనో కూడా పెట్టుకోవచ్చు. అంటే ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక్క మిత్రుడు లేకపోయినా పని జరిగేది. 2012లో ఫేస్‌బుక్ 100 కోట్ల డాలర్లకు కొనేనాటికి ఆ సంస్థలో పనిచేసేవారు 13 మంది మాత్రమే.

మిర్చి ఉదాహరణలోనైతే, రైతు తన సొంత అమ్మకాల లెక్కను దాచుకునే పద్దుపుస్తకంలా యాప్ పనిచేయాలి. ఎవరూ చూడకపోయినా తన తక్‌పట్టీలు తనకు భద్రంగా ఉంటాయి. ఆ పద్దులే పోగై తర్వాత అందరికీ సమాచారమవుతాయి.

వాట్సాప్‌ను ఎదిరించడం కన్నా దాని భుజమెక్కి నడవడం తెలివైన పని. 2015లో బెంగళూరులో మొదలైన షేర్‌చాట్ ఇంగ్లీషును పక్కనబెట్టి తెలుగు, హిందీ, మరాఠీ వంటి భాషలకే చోటిచ్చింది. అందులో దొరికే బొమ్మలనూ, వీడియోలనూ జనం ఒక్క నొక్కుతో వాట్సాప్‌లోకి పంపేవారు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో చూసి అవతలివారు షేర్‌చాట్‌కు వచ్చేవారు. మీ వేదికలోని ప్రతి సమాచారమూ ఒక చక్కని బొమ్మగా మారి గ్రూపుల్లో తిరగగలగాలి, ఆ బొమ్మ మీద మీ పేరుండాలి, దాన్ని నొక్కితే ఖాతా అడగకుండానే ఆ పేజీ తెరుచుకోవాలి.

తొలి వారాల్లో చేయాల్సిన పని

ఈ దశలో వేదిక నడిపేవారు ఆఫీసులో కూర్చోకూడదు. మన పల్లెల్లో అంగడి వారంలో ఒక్కరోజే ఎందుకు జరుగుతుందో గుర్తుకు తెచ్చుకోండి. అమ్మేవారూ కొనేవారూ కొద్దిమందే ఉన్న చోట రోజూ తెరిచి ఉంచితే ఒకరు వచ్చినప్పుడు మరొకరు ఉండరు, కాబట్టి అందరినీ ఒకే రోజుకు కుదించారు. కొత్త వేదికకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. రోజంతా అరకొర కదలికలు ఉండే బదులు, మార్కెట్ ముగిసిన తర్వాత సాయంత్రం 7 నుంచి 8 దాకా 'ఈరోజు ధరలు' అని ఒక వేళ పెట్టండి. ఆ గంటలో పెట్టిన ప్రతి ప్రశ్నకూ జవాబు వచ్చేలా మీరు ముందే మాట్లాడి ఉంచిన పదిమంది అనుభవజ్ఞులు సిద్ధంగా ఉండాలి. ఆ పదిమందిని పేరుపేరునా కలిసి, టీ తాగించి, ఫోన్‌లో యాప్ వేసి, మొదటి పోస్టు వారితోనే పెట్టించాలి. దొంగ ఖాతాలతో సందడి సృష్టించాలన్న ఆలోచన కొందరికి వస్తుంది. చిన్న ఊళ్లలో అది రెండు రోజుల్లో బయటపడుతుంది. ఆ తర్వాత అసలు ఖాతాలను కూడా నమ్మరు.

ఫేస్‌బుక్ విస్తరణ బాధ్యత చూసుకున్న బృందం సారథి చమత్ పలిహపితియ తర్వాతి రోజుల్లో ఒక విషయాన్ని బహిరంగంగానే చెప్పారు. కొత్తగా చేరిన మనిషికి 10 రోజుల్లో 7గురు మిత్రులు దొరికేలా చూడడమే వారి బృందం పెట్టుకున్న ప్రధాన గురి. మీ వేదికకు తగిన సంఖ్య వేరే ఉండవచ్చు. ఒక రైతుకు తన రకం మిర్చి పండించే మరో ముగ్గురు కనిపిస్తే చాలేమో. ఆ సంఖ్యను ఊహతో కాకుండా, నిలిచినవారి ఖాతాలూ వెళ్లిపోయినవారి ఖాతాలూ పక్కపక్కన పెట్టి చూసి కనుక్కోవాలి.

వేగం, భాష

ఫ్రెండ్‌స్టర్ పేరు మన దగ్గర చాలామందికి తెలియదు. 2002లో మొదలై, ఫేస్‌బుక్ పుట్టకముందే లక్షలాది మందిని కూడగట్టిన వేదిక అది. 2003లో 3 కోట్ల డాలర్లకు కొంటామని గూగుల్ ముందుకొచ్చినా అమ్మలేదు. కానీ ఎవరికి ఎవరు ఎన్ని మెట్ల దూరంలో మిత్రులో చూపించే లెక్క దాని సర్వర్ల మీద మోయలేని భారమైంది. ఒక్క పేజీ తెరుచుకోవడానికి పదుల సెకన్లు పట్టేది. విసిగిన అమెరికన్లు మైస్పేస్ అనే మరో వేదికకు వెళ్లారు. ఆగ్నేయాసియాలో కొన్నేళ్లు ఆదరణ నిలిచినా 2011లో అది ఆటల సైటుగా మారి, 2015లో ఆగిపోయింది.

ఈ పాఠాన్ని మన చోటుకు అన్వయించడం తేలిక. ఎన్ఐటీ క్యాంపస్‌లో వైఫై మీద కొత్త ఫోన్‌తో పరీక్షించి 'బాగుంది' అనుకోవద్దు. నాలుగేళ్ల కిందటి చౌక ఫోన్ ఒకటి సంపాదించి, మెమరీ నిండుగా ఉన్న స్థితిలో, ములుగు దాటి అడవిలోకి వెళ్లే దారిలో సిగ్నల్ ఒక గీతకు పడిపోయిన చోట యాప్ తెరిచి చూడండి. ఫొటో ఎక్కేలోపు సిగ్నల్ పోతే అది దాచుకుని, మళ్లీ సిగ్నల్ రాగానే దానంతటదే పంపాలి. అంతవరకూ తెరమీద తెల్లగా ఖాళీ చూపిస్తే వాడేవారు యాప్‌నే తీసేస్తారు.

భాష విషయంలో మెనూలను తెలుగు చేయడంతో పని అయిపోదు. మన వాళ్లలో చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేస్తారు, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగు రాస్తారు. వెతికే పెట్టె వీటన్నిటినీ, తెలుగు లిపినీ ఒకటిగా గుర్తించలేకపోతే ఉన్న సమాచారం కూడా లేనట్టే లెక్క. పెద్దవాళ్లు అసలు టైపే చేయరు, మాట్లాడి పంపుతారు. అందుకని మాట రికార్డు చేసే మీట తెర కింద బొటనవేలికి అందే చోట ఉండాలి. ఫారాల్లో 'మొక్కజొన్న' అని రాసి ఊరుకోకుండా 'మక్కలు' అని వెతికినా దొరికేలా చూడాలి.

మర్యాద, కాపలా, చట్టం

2004 జనవరిలో వచ్చిన ఆర్కుట్ మన దేశంలోనూ, బ్రెజిల్‌లోనూ ఒక తరాన్ని కట్టిపడేసింది. స్క్రాపులు (ఒకరి పేజీలో మరొకరు రాసే సందేశాలు), టెస్టిమోనియల్స్ (మిత్రుల గురించి రాసే మెచ్చుకోళ్లు), కమ్యూనిటీలు గుర్తున్నవారు ఇప్పుడు నడివయసుకు దగ్గరపడుతున్నారు. దొంగ ప్రొఫైళ్లు, అపరిచితుల వేధింపులు, చెత్త సందేశాలు పెరిగేకొద్దీ అమ్మాయిలు తమ ఫొటోలు తీసేశారు, తర్వాత మెల్లగా వెళ్లిపోయారు. ఎవరు చూడవచ్చో, ఎవరు చూడకూడదో నిర్ణయించుకునే వీలు ఎక్కువగా ఉన్న ఫేస్‌బుక్ 2010 నాటికి మన దేశంలో దాన్ని దాటింది. ఆడవాళ్లు వెళ్లిపోయిన వేదిక నుంచి మిగిలినవారు వెళ్లడానికి ఎక్కువ కాలం పట్టదు.

చిన్న ఊరి వేదికలో ఈ సమస్య మరింత సున్నితం. తిట్టినవాడూ, తిట్లు తిన్నవాడూ, అడ్మినూ ఒకే వాడవాళ్లు కావచ్చు. కులం పేరుతోనో, పార్టీ పేరుతోనో మొదలైన మాటామాటా వీధిలోకి రావచ్చు. కాబట్టి నియమాలు పది వాక్యాలకు మించకుండా, తెలుగులో, ఖాతా తెరిచే చోటే కనిపించాలి. తొలగించిన ప్రతి పోస్టుకూ కారణం తెలపాలి. కాపలా కాసేవారు ఒకే సామాజిక వర్గం నుంచి గానీ, ఒకే మిత్రబృందం నుంచి గానీ రాకూడదు, వారిలో మహిళలు తప్పనిసరిగా ఉండాలి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. మహిళల మీద వచ్చే ఏ వ్యాఖ్య వేధింపో, ఏది వేళాకోళమో మగవారు పదేపదే తప్పుగా అంచనా వేస్తారు.

చట్టం సంగతి క్లుప్తంగా. ఇతరులు పెట్టిన పోస్టులకు మీపై బాధ్యత పడకుండా ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ, మీరు నిబంధనలు పాటించినంతవరకే ఉంటుంది. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు స్వీకరించే అధికారి పేరు, సంప్రదించే మార్గం సైటులో ప్రకటించాలి. 50 లక్షల నమోదిత వాడుకరులు దాటితే బాధ్యతలు ఇంకా పెరుగుతాయి; ఆ బెంగ ఇప్పుడే అక్కర్లేదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోవాలి. ఇంటర్ విద్యార్థుల కోసం వేదిక కట్టాలనుకునేవారు మొదలుపెట్టకముందే ఒక న్యాయవాదితో మాట్లాడడం మంచిది.

డబ్బు ఎప్పుడు, ఎక్కడి నుంచి

2005లో రూపర్ట్ మర్డోక్ సంస్థ న్యూస్ కార్ప్ మైస్పేస్‌ను 58 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి ఏడు గూగుల్‌తో 90 కోట్ల డాలర్ల ప్రకటనల ఒప్పందం కుదిరింది. ఆ సొమ్ము రావాలంటే నిర్ణీత సంఖ్యలో పేజీలు తెరుచుకోవాలి. దాంతో వాడేవారికి ఏది సులువన్న ఆలోచన వెనకబడి, ఎన్ని పేజీలు నొక్కించగలం, ఎన్ని ప్రకటనలు కుక్కగలం అన్నది ముందుకొచ్చింది. సరిగ్గా అదే కాలంలో శుభ్రమైన తెరతో ఫేస్‌బుక్ ఎదిగింది. 2011లో మైస్పేస్ దాదాపు 3.5 కోట్ల డాలర్లకు చేతులు మారింది.

మన కథల్లో కూ ప్రస్తావన తప్పదు. 2020లో బెంగళూరులో పుట్టి, తెలుగుతో సహా పలు భారతీయ భాషలకు చోటిచ్చిన ఈ వేదిక, 2021 తొలి నెలల్లో ప్రభుత్వానికీ ట్విట్టర్‌కూ మధ్య తగవు ముదిరినప్పుడు ఒక్కసారిగా పెరిగింది. మంత్రులు, ప్రభుత్వ శాఖలు ఖాతాలు తెరిచారు. అయితే వేరొకరి మీద కోపంతో వచ్చిన జనం, ఆ కోపం చల్లారాక ఉండడానికి కారణం కావాలి. పెట్టుబడులు ఎండిపోయిన కాలంలో కొనేవారి కోసం జరిపిన చర్చలు ఫలించక, 2024 జులైలో దాన్ని మూసివేస్తున్నట్టు వ్యవస్థాపకులు ప్రకటించారు. ప్రపంచంలో ఎక్కడైనా వాడదగిన మంచి సాంకేతికత వారి దగ్గర ఉండేది. జనం రోజూ తెరవాల్సిన అవసరం మాత్రం తగినంతగా కుదరలేదని నా అభిప్రాయం.

స్థానిక వేదికకు సర్వర్ ఖర్చు మొదట్లో పెద్దగా ఉండదు కాబట్టి, అప్పు తెచ్చి ప్రచారం చేయకండి. ఆదాయం తెచ్చేటప్పుడు ఎవరి నుంచి తీసుకుంటే వేదిక మీద నమ్మకం చెడుతుందో ముందు ఆలోచించండి. మిర్చి వేదిక అడ్తిదారుల నుంచి ప్రకటనలు తీసుకున్న రోజున, అందులోని ధరలను రైతు అనుమానంగా చూస్తాడు. ట్రాలీలు, డ్రిప్ పరికరాలు, కోల్డ్ స్టోరేజీలో ఖాళీలు వంటి వాటి ప్రకటనలకు ఆ ఇబ్బంది తక్కువ.

మార్పులు చేసేటప్పుడు

డిగ్ అనే వార్తల వేదిక 2010 ఆగస్టులో తన రూపాన్నీ, పద్ధతినీ ఒక్కసారిగా మార్చేసింది. ఏది పైకి రావాలో నిర్ణయించే పట్టు సాధారణ వాడుకరుల చేతి నుంచి ప్రచురణ సంస్థల చేతికి పోయింది. అలిగిన జనం గుంపుగా రెడిట్‌కు తరలిపోయారు. ఇదే రకం గొడవ 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌కూ ఎదురైంది. మిత్రుల కబుర్లన్నీ ఒకే చోట చూపించే న్యూస్ ఫీడ్ పెట్టినప్పుడు లక్షలమంది అదే వేదిక మీద గ్రూపు కట్టి వ్యతిరేకించారు. జుకర్‌బర్గ్ క్షమాపణ చెప్పి, ఎవరికి ఏది కనిపించాలో నియంత్రించుకునే ఏర్పాట్లు చేర్చారు కానీ ఫీడ్‌ను తీసేయలేదు. తిడుతున్నవారే మునుపటికన్నా ఎక్కువసేపు వాడుతున్నారు. నిరసన గ్రూపు అంత వేగంగా పెరగడానికి కూడా ఆ ఫీడే కారణం!

ఈ రెండు సంఘటనలనూ కలిపి చూస్తే ఒక పద్ధతి బోధపడుతుంది. జనం మాటలను వినాలి, వారి చేతలను కొలవాలి, రెండూ వేరైనప్పుడు చేతలను నమ్మాలి. కానీ మార్పు వారి చేతిలోని అధికారాన్ని లాక్కునేదైతే మాటలే నిజమవుతాయి. చిన్న వేదిక నడిపేవారికి ఒక వెసులుబాటు ఉంది. మార్పును ముందు ఒక్క ఊరివారికి చూపించి, రెండు వారాలు గమనించి, ఆ తర్వాతే మిగతావారికి ఇవ్వవచ్చు.

ఏం లెక్కపెట్టాలి, ఎప్పుడు ఆపాలి

డౌన్‌లోడ్‌ల సంఖ్యను గోడమీద రాసుకోవద్దు. రాసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఈ నెల మొదటి వారంలో చేరినవారిలో నూటికి ఎంతమంది ముప్పై రోజుల తర్వాత కూడా వస్తున్నారు? పెట్టిన ప్రశ్నల్లో ఎన్నింటికి గంటలోపు మనిషి జవాబు వచ్చింది? మీ బృందం, మీ బంధువులు కాని వారు పెట్టిన పోస్టులు ఎన్ని? మొదటి సంఖ్య నెలనెలా చేరే కొత్త జట్ల విషయంలో ఒక చోట నిలబడితే, ఆ చోటు తక్కువే అయినా, వేదికకు ఆయువు ఉన్నట్టు. అది సున్నా దాకా జారుతూ పోతే ప్రచారం మీద పెట్టే ప్రతి రూపాయీ వృథా. మూడో సంఖ్య రెండు నెలలు దాటినా మీవాళ్ల పోస్టుల కన్నా తక్కువే ఉంటే, వలయాన్ని ఎంచుకోవడంలోనే పొరపాటు జరిగిందని గ్రహించి వెనక్కి వెళ్లాలి.

అదృష్టం పాలు కూడా ఉంటుందని మరవకూడదు. 2020 జూన్ 29న టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లను కేంద్రం నిషేధించినప్పుడు, పల్లెల్లో పేరు తెచ్చుకున్న వీడియో కళాకారులు రాత్రికి రాత్రి ప్రేక్షకులను పోగొట్టుకున్నారు; వారిని పట్టుకోవడానికి మోజ్ వంటి యాప్‌లు రోజుల్లోనే పుట్టాయి. ఇలాంటి తలుపు తెరుచుకుంటుందని ఎదురుచూస్తూ వేదిక కట్టలేం. తెరుచుకున్న రోజున వచ్చినవారిని మొదటి పది నిమిషాల్లో ఎవరితో కలపాలో తెలిసి ఉంటే చాలు.

ఆపాల్సి వస్తే ఆర్కుట్ మూసిన తీరును చూడండి. 2014 జూన్ 30న ప్రకటించి, సెప్టెంబరు 30 వరకు గడువిచ్చారు. తమ ఫొటోలనూ, స్క్రాపులనూ దింపుకునేందుకు ఆ తర్వాత కూడా రెండేళ్ల వెసులుబాటు ఉంచారు. మీరు కూడా ముందుగా కాపలా కాసినవారికి స్వయంగా చెప్పి, తర్వాత అందరికీ తేదీతో సహా ప్రకటించి, ఎవరి పద్దులు వారు ఫోన్‌లోకి దింపుకునే మీట ఇచ్చి, ఆ గడువు ముగిశాక ఫోన్ నంబర్లతో సహా వివరాలన్నిటినీ సర్వర్ నుంచి తుడిచేయండి. ఆ జాబితాను ఏ వ్యాపారికీ అమ్మకండి. రేపు అదే ఊళ్లో మరో ఆలోచనతో మీరే మళ్లీ నంబరు అడగాల్సి రావచ్చు.